సైకిల్ని మోసుకెళ్ళిన మనిషి

మొన్న పొద్దున మా నోయిడా అపార్ట్‌మెంటు కింద లిఫ్టు కోసం నిలబడి ఉన్నాను. గేటు వైపు నుంచి ఒక యువకుడు సైకిల్ని భుజాన వేసుకుని నడిచి వస్తున్నాడు. సన్నటి టైర్లు, పొట్టేలు కొమ్ముల్లా కిందికి వంగిన హ్యాండిలు, దగ్గరికెళ్తే ముట్టుకోవద్దన్నట్టు చూసే జాతి సైకిలు. కుర్రాడు మనవాడే, హైదరాబాదు నుంచి వచ్చి ఇక్కడేదో కంపెనీలో చేస్తున్నాడు.

"ఏం బాబూ, పాడైందా?" అన్నాను.

"లేదంకుల్. గేటు లోపల అన్నీ స్పీడ్ బ్రేకర్లూ, కుక్కలూ, వాకింగ్ ఆంటీలూ. మెల్లగా తొక్కితే యావరేజ్ పడిపోతుంది. అందుకే గేటు దగ్గరే వాచీ ఆపేసి మోసుకొస్తా," అన్నాడు, ఈ విద్యని తనే కనిపెట్టినట్టు.

నాకు నవ్వొచ్చింది. లిఫ్టు వచ్చింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది, వెళ్ళిపోయింది. నేను అక్కడే బెంచీ మీద కూర్చున్నాను. ఈ విద్యకి ఆదిపురుషుడు మా నెత్తి మీదే ఉండేవాడు. అంటే, ఢిల్లీ ఆర్కేపురం సర్కారీ క్వార్టర్లలో మా పై అంతస్తులో. ఆయన పోయి చాలాకాలమైంది. పేరు చెప్పను. చెబితే ఆయన శాఖవాళ్ళు ఎక్కడో ఆగిపోయిన ఫైలు పట్టుకుని నా దగ్గరికి వస్తారని భయం.

మనిషి ఆరున్నర అడుగులు. సరే, మెట్టు మీద నిలబడినప్పుడు. నేల మీద అందరిలాంటి మనిషే. రాజమండ్రి మాట, ఢిల్లీ ప్యాంటు, ముక్కు కొసకి జారిన కళ్ళద్దాలు. కేంద్ర ప్రభుత్వంలో సెలవుల నిబంధనలకి అర్థం చెప్పే సీట్లో పనిచేసేవాడు. లోకంలో కొందరు వేదాలకి అర్థం చెబుతారు, ఈయన సెలవులకి చెప్పేవాడు. శుక్రవారం సెలవు పెడితే, వెనకాలున్న శని, ఆదివారాలు సెలవులో కలుస్తాయా కలవవా? పండగ మధ్యలో పడితే ఎవరి ఖాతాలోకి పోతుంది? మా కాలనీలో ఎవరు ఊరెళ్ళాలన్నా రైలు టికెట్టు కంటే ముందు ఈయన్ని కలిసేవాళ్ళు. అడిగినదంతా విని, కుడి చూపుడు వేలు ఎత్తి, ఆ వేలినే కాసేపు చూసి, రెండు జవాబుల్లో ఒకటి చెప్పేవాడు. "నిబంధనలో ఉంది." లేదా "నిబంధనలో లేదు." మూడో జవాబు ఆయన నోట నేనెప్పుడూ వినలేదు. పెళ్ళి భోజనంలో ఇంకో గారె వెయ్యమంటారా అని అడిగినా వేలు లేచేది.

ఇలాంటి మనిషికి యాభై దాటాక సైకిలు పిచ్చి పట్టింది. దీనికి మూలం చాణక్యపురిలో ఎవరో విదేశీ రాయబార కార్యాలయం ఉద్యోగి దేశం వదిలి వెళ్తూ ఇంట్లో సామానంతా అమ్మకానికి పెట్టడం. ఢిల్లీలో అలాంటి అమ్మకాలకి మన గవర్నమెంటువాళ్ళు పుష్కరాలకి వెళ్ళినట్టు వెళ్ళేవాళ్ళు. ఈయన తివాచీ కోసం వెళ్ళాడు. సాయంత్రానికి మెట్ల మీద ఒక సన్న టైర్ల సైకిల్ని ఎక్కిస్తూ కనిపించాడు. వెనకాల ఆయన భార్య.

"చూడండన్నయ్యగారూ," అంది నాతో. "కూర్చోడానికి తివాచీ తెమ్మంటే కూర్చోలేని సైకిలు తెచ్చారు. ఆ సీటు చూశారా? అట్లకాడ నయం."

ఆ మర్నాటి నుంచీ మా కాలనీకి తెల్లవారడం మారిపోయింది. ఒంటికి అతుక్కుపోయే నల్ల నిక్కరు కొన్నాడు. అది వేసుకుని కాలనీలో నడవడం నిబంధనలో లేదనుకున్నాడో ఏమో, దాని మీద లుంగీ కట్టుకుని గేటు దాకా వచ్చేవాడు. గేటు దగ్గర లుంగీ విప్పి, నాలుగు మడతలు పెట్టి, వాచ్‌మన్ కుర్చీ మీద పెట్టి సైకిలెక్కేవాడు. పాల బూత్ ముందు క్యూలో ఉన్న పంజాబీ ఆవిడలు మొదటి రోజు చెదిరిపోయారు. "భాయీసాబ్, తబియత్ ఠీక్ హై?" అని ఒకావిడ మా ఇంటికొచ్చి మరీ వాకబు చేసింది. ఒంట్లో బాగానే ఉందమ్మా, లోపం ఎక్కడో పైన ఉందన్నాను.

బయల్దేరే ముందు రెండు టైర్లనీ బొటనవేలితో నొక్కేవాడు, బజార్లో దోసకాయ నొక్కినట్టు. తరవాత హ్యాండిలు మీద ఉన్న చిన్న మీటరుకి ఒక దణ్ణం. నిజంగానే దణ్ణం. అబ్బే, దుమ్ము తుడిచేవాడంతే. కానీ తుడిచే తీరులో భక్తి ఉండేది.

కథంతా ఆ మీటరులో ఉంది. అగ్గిపెట్టెంత వస్తువు. ముందు చక్రం పుల్లకి ఒక చిన్న అయస్కాంతం, దాని ఎదురుగా ఒక కన్ను. చక్రం తిరిగితే ఎంత దూరం, ఎంతసేపు, సగటున గంటకెన్ని కిలోమీటర్లు అన్నీ చూపిస్తుంది. మామూలు మనిషి వేగం చూసుకుని మురిసిపోతాడు. ఈయనకి వేగం అంటే చిన్నచూపు.

"వేగం ఎవడైనా తెచ్చుకుంటాడు గురువుగారూ," అనేవాడు నాతో. "వెనక కుక్క పడితే మీరూ తెచ్చుకుంటారు. సగటు అలా కాదు. అది మనిషి నడవడిక."

ఒక ఆదివారం నన్ను మేడ మీదికి పిలిచి మీటరుతో వచ్చిన కాగితం చూపించాడు. చీమతల అక్షరాలు. వేలు పైకి లేచింది.

"చక్రం ఆగితే గడియారం ఆగుతుంది. ఇక్కడ రాసి ఉంది. అంటే చక్రం తిరగని కాలం లెక్కలోకి రాదు."

"అయితే ఏంటంట?"

"ఏంటంటారేంటండీ! సెలవుకి ముందు అతికించిన ఆదివారం లాంటిదిది. ఉంటుంది, కానీ ఖాతాలో పడదు. రద్దీలో, గుంటల్లో, మలుపుల్లో మెల్లగా తొక్కబట్టే కదా సగటు చస్తోంది? ఆ చోట్ల తొక్కకపోతే సరి."

"తొక్కకుండా ఎగురుతారా?"

"మోస్తాను."

మోశాడు. ఆ రోజు మొదలు దక్షిణ ఢిల్లీ ప్రజలు ఒక వింత చూశారు. ఎదురుగా గుంటలు కనపడగానే పెద్దమనిషి టక్కున బ్రేకు వేసి, దిగి, జేబులోంచి చేతిరుమాలు తీసి ముందు చక్రాన్ని ఫ్రేముకి కట్టేవాడు, గాలికి తిరిగి లెక్కలోకి రాకుండా. తరవాత సైకిల్ని భుజానికెత్తుకుని, గుంటలు దాటి, దించి, రుమాలు విప్పి, ఎక్కి, బాణంలా పోయేవాడు. మునిర్కా కూడలిలో ట్రాఫిక్ కానిస్టేబులు ఒకసారి ఆపాడు. "బాబూజీ, ఆప్ ఇస్‌పే సవార్ హై, యా యే ఆప్‌పే?" ఎవరి మీద ఎవరు స్వారీ చేస్తున్నారో తేలితేగాని ఎవరికి చలానా రాయాలో తెలియదని పాపం ఆయన బాధ. ఈయన వేలెత్తి, పాదచారి సామాను మోయడం మీద ఏ నిషేధమూ లేదని హిందీలో వివరించాడు. కానిస్టేబులు సెల్యూట్ చేసి పంపాడు. సెల్యూట్ నేను కలిపాను. చెయ్యి ఊపి పొమ్మన్నాడు.

ఇంతకీ ఈ వయసులో సగటు ఎందుకయ్యా అంటే, దానికొక కూతురుంది.

ఒక్కతే కూతురు. ఢిల్లీలో పుట్టి పెరిగింది. తండ్రి తెలుగులో అడిగితే హిందీలో మొదలుపెట్టి ఇంగ్లీషులో ముగించేది. మధ్యలో దయతలిచి రెండు తెలుగు మాటలు పడేసేది. గుర్గావ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, అక్కడే పీజీలో మకాం. ఆదివారం పొద్దున్న సైకిలు గుంపుతో తిరిగి మధ్యాహ్నానికి ఇంటికొచ్చేది. తినేది, పడుకునేది, లేచి ఫోను చూసుకునేది, సాయంత్రం వెళ్ళిపోయేది. తండ్రీకూతుళ్ళ సంభాషణ నేను చాలాసార్లు కింద నుంచే విన్నాను. "తిన్నావా?" "ఆఁ." "ఆఫీసు?" "ఠీక్ హై." దేశాల మధ్య చర్చలు కూడా ఇంతకంటే రంజుగా ఉంటాయి.

ఆ గుంపుకి ఆ పిల్లే కెప్టెన్. కుతుబ్ మీనార్ దగ్గర మొదలై, మెహ్రౌలీ మీదుగా గుర్గావ్ వెళ్ళి, అక్కడ ఫరీదాబాద్ రోడ్డుకి తిరిగి, రాళ్ళ కొండల మధ్య ఉన్న ఒక టీ కొట్టు దాకా వెళ్తారు. అక్కడ బల్ల మీద అరగంట కూర్చుని టీ తాగి వెనక్కి వస్తారు. ఆ బల్ల మీద కూర్చునే అర్హత ఎవరికుండాలో నియమం రాసింది కూడా ఆ పిల్లే. ఆ దారంతా ఒంటరిగా, సాక్షి ముందు, మీటరు మీద ముప్ఫై సగటుతో తొక్కినవాడికే బ్యాచ్‌లో చోటు. అంతకంటే తక్కువైతే వేరే గుంపుంది, దాని పేరు అంకుల్ బ్యాచ్, వాళ్ళు మెహ్రౌలీలోనే జిలేబీ తిని ఇంటికెళ్ళిపోతారు.

"కూతురే కెప్టెన్ కదండీ, ఓసారి సడలించమనండి," అన్నాను.

ఆయన నన్ను చూసిన చూపు, లంచం ఇవ్వబోయినవాడిని చూసినట్టుంది. "నా సర్వీసులో నేనెవరికీ సడలించలేదు గురువుగారూ. ఇంట్లోనా మొదలుపెట్టేది?"

"పోనీ ఆటోలో వెళ్ళి ఆ బల్ల మీద కూర్చోండి. టీ ఎవరికైనా ఇస్తాడుగా."

"అది బ్యాచ్ టీ అండీ," అన్నాడు. సైకిలు గొలుసుకి నూనె వేస్తూ, నావైపు చూడకుండా, "అరగంట కూర్చుంటారట. ఏం మాట్లాడుకుంటారో," అన్నాడు.

అప్పటికి ఆయన సగటు ఇరవై ఏడు. ముప్ఫైకి మూడే కదా అనుకునేవాళ్ళు ఆ మూడింటినీ ఎప్పుడూ తొక్కి చూసి ఉండరు. ఆయన పాట్లు అన్నీ ఇన్నీ కావు. సైకిలు బెల్లు పీకేశాడు, స్టాండు పీకేశాడు, బరువని వాచీ మానేశాడు. గాలికి అడ్డొస్తాయని మీసాలు కూడా తీయించేశాడని నేను కాలనీ అంతా చెప్పాను. తరవాత తెలిసింది, రంగు పడక దురద పుట్టి తీయించాడట. అయినా నా కథే నిలబడింది, అందులో త్యాగం ఉంది కనుక.

ఒకనాడు ముప్ఫై నాలుగు వచ్చింది! నేను పాల బూత్ దగ్గర చాటింపు కూడా వేశాను. ఆయన మాత్రం పొలమారినవాడిలా ముఖం పెట్టుకుని మెట్ల మీద కూర్చున్నాడు.

"కాలీఫ్లవర్ల టెంపో ఒకటి ముందు పోతోందండీ. దాని వెనక పడ్డాను. గాలంతా అదే కోసింది. నేను ఊరికే కాళ్ళాడించాను."

"మీటరు ముప్ఫై నాలుగంటోందిగా? టెంపో వెనక తొక్కకూడదని ఎక్కడ రాసి ఉంది?"

వేలు లేచింది, సగం దాకా వచ్చి దిగిపోయింది. "రాసి లేదు. కానీ అది టెంపో సగటు," అని మీటరు సున్నా చేసేశాడు. సైకిలు మోస్తే న్యాయం, టెంపో వెనక నక్కితే అన్యాయం. ఆ గీత ఎక్కడ గీశాడో నాకు ఇప్పటికీ అంతుపట్టదు, ఆయనకి మాత్రం చక్కగా కనపడేది.

అసలు జబ్బు వేరే ఉంది. ఆయన మొదలుపెట్టడం మంత్రిగారి ఫైలులా మొదలుపెట్టేవాడు, ముగించడం మామూలు మనిషి అర్జీలా ముగించేవాడు. కుతుబ్ దగ్గర చిరుతపులి. గుర్గావ్ చేరేసరికి చిరుత. కొండలెక్కేసరికి ఉత్త పులిహోర. ఈ సంగతి మొదట పట్టుకున్నది నేనే. కాదులెండి, కూతురే.

ఒక ఆదివారం ఆ పిల్ల అన్నం ముందు కూర్చుని రెండు కబుర్లు చెప్పింది. మొదటిది, ఆఫీసు తనని పూణేకి మారుస్తోంది, ఇంక రెండు ఆదివారాలే ఇక్కడ. ఆ మాట విని వాళ్ళమ్మ గరిటె అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నేను కూడా ఆ పూట అక్కడే భోజనానికి ఉన్నాను, గుత్తి వంకాయ వాసన నన్ను పైకి లాక్కొచ్చింది. తండ్రి మాత్రం మజ్జిగ కలుపుకుంటూ, "బదిలీ ఉత్తర్వు వచ్చిందా, నోటి మాటేనా?" అన్నాడు.

"వచ్చేసింది నాన్నా." రెండో కబురు చెయ్యి కడుక్కుంటూ చెప్పింది. "ఔర్ సునో, ఆప్ శురూ మే హీ సారా దమ్ ఖర్చ్ కర్ దేతే హో. అంతా స్టార్టింగ్‌లో అవగొట్టేస్తావు. దాచుకో. ఎండింగ్‌లో వాడుకో."

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది. "ఆర్జిత సెలవులా!" అన్నాడు. ముఖం వెలిగిపోయింది. ముప్ఫై ఏళ్ళు ఒక్కరోజు సెలవు వాడకుండా, రిటైరయ్యేనాటికి మొత్తం కూడబెట్టుకుంటున్న మనిషికి ఇంతకంటే సులువైన భాషలో ఎవరు చెప్పగలరు?

ఆయన భార్య నన్ను మెట్ల దాకా సాగనంపుతూ మెల్లగా అంది. "ఆయనకి ముప్ఫై కావాలనేం లేదన్నయ్యగారూ. పిల్లతో కూర్చుని మాట్లాడ్డానికి ఆ బల్ల తప్ప చోటు దొరకలేదు. ఇంట్లో ఇన్ని కుర్చీలున్నా."

వచ్చే ఆదివారమే పరీక్ష. సాక్షిని నేను. నా స్కూటరు వెనకాలే రావాలి, ముందుకి రాకూడదు, హారను కొట్టకూడదు, ప్రోత్సహించకూడదు అని నాకు నిబంధనలు చెప్పాడు. కుతుబ్ దగ్గర బయల్దేరాడు చూడండి, ఎంత పొదుపుగా తొక్కాడంటే పాల క్యాన్ల సైకిలువాడు దాటిపోయాడు, చీపుర్ల బండివాడు దాటిపోయాడు, ఒక పెళ్ళి ఊరేగింపు దాటిపోయింది. ఊరేగింపు అబద్ధం. పాలవాడు నిజం. ఈయన పళ్ళు బిగబట్టి దాటిపోనిచ్చాడు. ఆయనలోని చిరుత ఎంత గింజుకుందో వీపు చూస్తే తెలుస్తోంది.

అప్పట్లో ఆ రోడ్డు మధ్యంతా మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. ఎక్కడ చూసినా రేకుల అడ్డుగోడలు, బురద, ఇనప కడ్డీలు. ఢిల్లీకి రాబోయే వేగం కోసం ఉన్న వేగాన్ని తవ్వేశారు. సుల్తాన్‌పూర్ దగ్గర దిగాడు, రుమాలు కట్టాడు, మోశాడు. ఘిటోర్నీ దగ్గర మళ్ళీ. ఫర్నిచరు షాపుల ముందు సోఫాలు సర్దుతున్నవాళ్ళు పని ఆపి చూశారు. గుర్గావ్ మలుపు తిరిగాక దాచుకున్న సెలవులన్నీ తీశాడు. కొండ రోడ్డు మీద ముక్కు హ్యాండిలుకి ఆనించి, మోకాళ్ళు లోపలికి పెట్టి, ఒకే తీరున తొక్కుతూ పోయాడు. నా స్కూటరు అందుకోలేకపోయింది. అంటే, స్కూటరు కూడా ఆయన వయసుదే.

టీ కొట్టు దగ్గర మీటరు చూశాం. ముప్ఫై. ఒక్క చుక్క ఎక్కువ లేదు, తక్కువ లేదు. ఇంటికొచ్చాక నేను ముప్ఫై మూడని చెప్పుకున్నాను కానీ, ముప్ఫైయే.

బల్ల మీద గుర్గావ్ సాఫ్ట్‌వేర్ సింహాలు ఆఖరి గుటకల్లో ఉన్నారు. అందులో ఒకడు దారిలో ఈయన సైకిలు మోయడం చూశాడట. "అంకుల్, యే తో చీటింగ్ హై!" అన్నాడు నవ్వుతూ. ఈయన ఆయాసపడుతూనే వేలెత్తి, "ఎక్కడ రాసి ఉంది?" అన్నాడు. ఎక్కడా రాసి లేదు.

అందరూ కెప్టెన్ వైపు చూశారు. ఆ పిల్ల మీటరు చూసింది. హ్యాండిలుకి వేలాడుతున్న మట్టి రుమాలు చూసింది.

"మోశావా నాన్నా?"

"మోశాను. రెండు చోట్ల."

అడిగితే నేను చక్కగా లేదని చెప్పేవాడిని, నన్నెవరూ అడగలేదు.

"రూల్‌లో మీటర్ అని ఉంది," అంది ఆ పిల్ల. "మీటర్ ముప్ఫై అంటోంది. అప్రూవ్డ్." సింహాలు గొణిగాయి. ఆ పిల్ల చెయ్యెత్తింది. చూపుడు వేలు, అచ్చు తండ్రిదే. "నెక్స్ట్ వీక్ సే మోయడం బంద్. పాతవాటికి వర్తించదు."

ఈయన నా చెవిలో, "విన్నారా గురువుగారూ? కొత్త నిబంధన వెనకటి తేదీ నుంచి అమలు చెయ్యకూడదు. ఆ ముక్క దానికి నేను నేర్పలేదు!" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. చెమటే అనుకోండి.

తీరా సింహాలు లేచి హెల్మెట్లు పెట్టేసుకున్నాయి. గుంపు కదిలింది, దానితో కెప్టెనూ కదిలింది. ఆయన బల్ల మీద కూర్చున్నాడు, పక్కన నేను. టీ బాగుంది. ఆయన తాగలేదు.

ఇంక మిగిలింది ఒక్క ఆదివారం. ఈసారి బ్యాచ్ మనిషిగా వెళ్ళాడు. సాక్షి అక్కర్లేదన్నాడు, నేనే ఊరుకోలేక స్కూటరేసుకుని వెనకాల వెళ్ళాను. వాళ్ళు ఒకరి వెనక ఒకరు చక్రానికి చక్రం ఆనించినట్టు పోతారు, ముందున్నవాడు గాలి కోస్తే వెనకున్నవాడికి శ్రమ తగ్గుతుంది. ఈయన ఆ వరస చివర అతుక్కున్నాడు. మెట్రో గోడల దగ్గర అందరూ మెల్లగా పోవలసి వచ్చింది గనక నెట్టుకొచ్చాడు. కొండ రోడ్డు మొదటి ఎత్తు రాగానే ముందున్నవాడి చక్రానికీ ఈయనకీ మధ్య జానెడు సందు పడింది. జానెడు గజమైంది, గజం బండి పొడుగైంది. ఆ పిల్ల రెండుసార్లు వెనక్కి చూసింది. ఒక్కసారే. రెండోది నేను కలిపాను. తరవాత మలుపు తిరిగి అందరూ మాయమయ్యారు.

స్కూటరు పక్కకి తీసుకెళ్ళాను. "ఎక్కండి. సైకిల్ని వెనక కట్టేద్దాం. టీ టైముకి దింపేస్తా."

"బ్యాచ్‌లో ఉన్నవాడు స్కూటరెక్కి వస్తాడా అండీ?" అన్నాడు ఊపిరి మధ్య. ఇంకాస్త దూరం పోయాక, "టీ అయిపోతుందేమో," అన్నాడు. ఎన్నడూ లేనిది, కలపడానికి నా దగ్గర కూడా ఏమీ లేకపోయింది.

ఎత్తు దాటి రెండో మలుపు తిరిగేసరికి రోడ్డు పక్కన కల్వర్టు గట్టు మీద ఆ పిల్ల కూర్చుని ఉంది. సైకిలు తలకిందులుగా నిలబెట్టి ఉంది, వెనక టైరు చప్పగా.

"పంక్చర్ నాన్నా. వాళ్ళని వెళ్ళిపొమ్మన్నా. పంక్చరైతే బ్యాచ్ ఆగదు, రూల్ నాదే కదా."

ఆయన దిగాడు. టైరు విప్పి, లోపలి ట్యూబు లాగి, కొద్దిగా గాలి కొట్టి చెంపకి ఆనించుకుని చిల్లు ఎక్కడుందో వెతకడం మొదలుపెట్టాడు. నేను స్కూటర్ని కాస్త ఎడంగా, ఒక కీకర్, అంటే మన తుమ్మ, చెట్టు నీడలో పెట్టుకున్నాను. అక్కడికి మాటలు వినపడవు. వినపడ్డాయి లెండి, అందుకే అక్కడ పెట్టాను.

చిల్లు దొరికింది. గరుకు కాగితంతో రుద్దాడు. చాలాసేపు రుద్దాడు.

"పూణేలో రూము చూసుకున్నావా?"

"ఆఁ. ఇద్దరం. ఇంకో అమ్మాయి విజయవాడది. తెలుగు చాలా ఫాస్ట్‌గా మాట్లాడుతుంది, నాకు సగమే అర్థమవుతుంది."

"మిగతా సగం నాకు ఫోన్ చేసి అడుగు."

నవ్వింది. "అమ్మ కుక్కర్ ఇస్తానంటోంది. పెద్దది. నేనొక్కదాన్నే కదా?"

"తీసుకెళ్ళు. నిబంధనలో ఉంది." జిగురు రాశాడు. "కాలేజీలో సిమ్లా టూర్ అడిగావు, గుర్తుందా? నేను వద్దన్నాను."

"గుర్తుంది. మూడు రోజులు మాట్లాడలేదు నీతో."

"చలికి భయపడి కాదు. అక్కడ ఘాట్ రోడ్డు. ఆ మాట చెప్పకుండా సెలవు మంజూరు కాలేదన్నాను."

ఆ పిల్ల గట్టు మీద కాళ్ళు పైకి పెట్టుకుని, మోకాళ్ళ మీద గడ్డం ఆనించి తండ్రి వీపుకేసి చూస్తూ, "ముఝే పతా థా నాన్నా. తెలుసు, అమ్మ చెప్పింది," అంది.

ఇక్కడ నేను చూసినది కలపకుండా, తీయకుండా చెబుతున్నాను. ఆయన చొక్కా వెనక జేబులోంచి కొత్త ట్యూబు పెట్టె అంచు బయటికి కనపడుతోంది, సీలు కూడా తీయనిది. దాన్ని వేసేస్తే అయిదు నిమిషాల పని. అతుకు వెయ్యనక్కరే లేదు. ఆ పిల్ల సీటు కింద చిన్న సంచీ ఉంది. దాని జిప్పు తెరిచే ఉంది. అందులో మడతపెట్టి రబ్బరుబ్యాండు వేసిన ట్యూబు ఇంకొకటి ఉంది. ఆయన కూర్చున్న చోటికి అది సరిగ్గా కళ్ళెదుటే. ఆయన వీపు, ఆ జేబుతో సహా, అంతసేపూ ఆ పిల్ల వైపే ఉంది.

ఎండ బాగా ఎక్కింది. టీ కొట్టు వైపు నుంచి బ్యాచ్ తిరిగొచ్చింది. ఒకడు వేగం తగ్గించి, "క్యాప్టెన్, హెల్ప్ చాహియే?" అని అరిచాడు. "నహీ నహీ, హో రహా హై," అని, అవుతోందిలే అన్నట్టు ఆ పిల్ల చెయ్యి ఊపింది. వాళ్ళు వెళ్ళిపోయారు.

ఆయన ట్యూబుని ఎండలో పట్టుకుని, జిగురు మీద ఊదుతూ కూర్చున్నాడు. ఆ ఎండకి జిగురే కాదు, నేను కూడా ఎప్పుడో ఆరిపోయాను.

"గమ్ ఆరిందా నాన్నా?"

ఆయన వేలితో తాకి చూశాడు.

"ఇంకా లేదమ్మా."